ఇంట్లో పేరుకుపోయిన అమానతులు

మొదటి ఖుత్బా

స్తుతిస్తోత్రాలన్నీ అల్లాహ్‌కే. మనల్ని మట్టితో సృజించి, మన కోసం నేలను పరచి, తలదాచుకోవడానికి ఇంటి నీడను ప్రసాదించిన ప్రభువు ఆయనే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) పైన, ఆయన కుటుంబీకులపైన, సహచరులందరిపైన శాంతిశుభాలు వర్షించుగాక!

ప్రియ ధార్మిక సోదరులారా! మాతృమూర్తులారా! అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండమని మొదట నన్ను నేను హెచ్చరించుకుంటూ, పిదప మీకు ఉపదేశిస్తున్నాను.

షాబాన్ మాసం సగానికి పైగా గడిచిపోయింది. రమజాన్ మన వాకిట నిలిచి ఉంది. ఈ రోజుల్లో మన ఇళ్ళలో బూజులు దులుపుతారు, గోడలకు సున్నం వేస్తారు, దుప్పట్లు ఉతికి ఆరవేస్తారు. ఇది మంచి ఆనవాయితీ. అయితే పని మొదలుపెట్టాలని గది తలుపు తీయగానే గుండె జారిపోయే ఇళ్ళు కూడా మనలో చాలా ఉన్నాయి. మంచం మీద మడత పెట్టని బట్టల గుట్ట, బీరువా తెరిస్తే మీద పడే మూటలు, అటక మీద ఏముందో ఎవరికీ గుర్తులేని పెట్టెలు, వంటగదిలో మూతలేని డబ్బాలు, డబ్బాలేని మూతలు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, తీసిన తలుపును అలాగే మూసి, పండుగ తరువాత చూద్దామనుకుంటాము. ఆ పండుగ వస్తుంది, వెళ్తుంది. తలుపు మాత్రం మూసే ఉంటుంది. ఆ మూసిన తలుపును గురించే నేటి ఖుత్బాలో మాట్లాడుకుందాము.

ఇది మస్జిదు మింబరు మీద ప్రస్తావించవలసినంత విషయమా అని ఎవరికైనా అనిపించవచ్చు. సోదరులారా! దివ్యఖుర్ఆన్ అన్నహ్ల్ సూరా 80వ వాక్యంలో అల్లాహ్ మన ఇళ్ళను మనకు ప్రశాంతి నిలయాలుగా చేసిన సంగతిని తన అనుగ్రహాలలో ఒకటిగా గుర్తుచేశాడు. ప్రశాంతి కోసం ఇచ్చిన ఇంట్లో అడుగుపెట్టగానే చికాకు కలుగుతూ ఉంటే, ఆ అనుగ్రహాన్ని మనం ఏం చేసుకున్నామని ప్రశ్నించుకోవలసిందే కదా! శుచీశుభ్రతలను దైవప్రవక్త (స) విశ్వాసంలో సగభాగంగా పేర్కొన్న హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. దైవవాణి అవతరణ తొలినాళ్ళలోనే, అల్ ముద్దస్సిర్ సూరాలో, దుస్తులను పరిశుభ్రంగా ఉంచుకోవాలన్న ఆదేశం వచ్చింది. తన గృహమైన కాబాను ప్రదక్షిణ చేసేవారి కోసం, రుకూ, సజ్దాలు చేసేవారి కోసం శుభ్రపరచే బాధ్యతను అల్లాహ్ అప్పగించింది ఇద్దరు ప్రవక్తలకు, ఇబ్రాహీం, ఇస్మాయీల్ (అలైహిముస్సలాం) లకు. ప్రవక్తలు చేసిన పని మన గౌరవానికి తక్కువ ఎలా అవుతుంది?

ఇక్కడ ఒక మాట స్పష్టం చేయాలి. ఇల్లు చిందరవందరగా ఉండటం వేరు, నేల అపవిత్రం కావడం వేరు. సామాన్లు పరచుకుని ఉన్న గదిలో శుభ్రమైన జానమాజ్ వేసుకుని చేసిన నమాజు నెరవేరుతుంది. ఎవరూ ఈ విషయంలో అనుమానాలకు లోనుకావద్దు. కాని నమాజు నెరవేరడం ఒకటి, నమాజులో మనసు నిలవడం మరొకటి. దైవప్రవక్త (స) ఒకసారి నగిషీలున్న దుప్పటి కప్పుకుని నమాజు చేశారు. ఆ నగిషీల మీద ఆయన చూపు పడింది. నమాజు ముగియగానే దాన్ని అబూ జహ్మ్ (రజి) కు పంపివేసి, ఆయన దగ్గరున్న సాదా దుప్పటిని తెప్పించమన్నారు. మరో సందర్భంలో హజ్రత్ ఆయిషా (రజి) ఇంట్లో వేలాడదీసిన తెర మీది బొమ్మలు నమాజులో తన కంటికి అడ్డు వస్తున్నాయని, దాన్ని తొలగించమన్నారు. ఈ రెండు ఉదంతాలూ సహీహ్ బుఖారీలో ఉన్నాయి. ఒక్క దుప్పటి, ఒక్క తెర! అంతటి మహనీయుడే తన నమాజును కాపాడుకోవడానికి వాటిని తీసివేయించారంటే, నాలుగు వైపులా గుట్టలు పేర్చుకుని వాటి మధ్య నిలబడే మన మనసుల గతి ఏమిటి?

సోదరులారా! ఈ సామాను మన ఇళ్ళలోకి తనంతట తాను నడిచి రాలేదు. మనమే తెచ్చుకున్నాము. ఎందుకు తెచ్చుకున్నాము, ఎందుకు వదలలేకపోతున్నాము అని ఆలోచిస్తే మూడు కారణాలు కనిపిస్తాయి.

మొదటిది, మరింత కావాలన్న ఆరాటం. అధికంగా పొందాలన్న పోటీ మనుషులను సమాధులను చేరేవరకు ఏమరుపాటులో ఉంచుతుందని అత్తకాసుర్ సూరా హెచ్చరించింది. ఆ సూరా చివరి మాట మరీ తీవ్రమైనది. ఆ రోజున అనుగ్రహాలను గురించి మనల్ని తప్పక ప్రశ్నించడం జరుగుతుంది. ఇంట్లో భర్తకు ఒక పడక, భార్యకు ఒక పడక, అతిథికి ఒక పడక అని లెక్క చెప్పి, నాలుగవది షైతానుదని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. పిల్లలున్న ఇంట్లో మూడుకు మించి పడకలు ఉండకూడదని దీని భావం కాదు. అవసరానికి మించి, గొప్ప కోసం, ప్రదర్శన కోసం పోగుచేసినదే ఆ నాలుగవ పడక అని హదీసు వ్యాఖ్యాతలు వివరించారు. మన ఇంట్లో ఆ నాలుగవ పడక ఏ రూపంలో ఉందో మనమే వెదుక్కోవాలి. కొందరి ఇళ్ళలో అది ఏనాడూ వాడని పింగాణీ పాత్రల రూపంలో ఉంటుంది. కొందరి ఇళ్ళలో ఒక్కసారి కట్టి మడతపెట్టిన పట్టుబట్టల రూపంలో ఉంటుంది.

రెండవది, ఎప్పటికైనా పనికివస్తుందన్న భయం. జాగ్రత్త మంచిదే. వృథా చేసేవారిని షైతాను సోదరులని ఖుర్ఆన్ పేర్కొంది కనుక పనికివచ్చే వస్తువును విసిరివేయడానికి విశ్వాసికి చేయి రాదు. కాని పదేళ్ళుగా వాడకుండా చెదలకు అప్పగించడం కూడా వృథా చేయడమే కదా! వస్తువును పారవేయడం ఒక విధమైన దుబారా అయితే, అవసరమున్న మనిషి పక్కవీధిలో ఉండగా దాన్ని మన ఇంట్లో కుళ్ళనివ్వడం మరొక విధమైన దుబారా.

మూడవది, వాయిదా. దీన్ని గురించి నేను మీకు బోధించడానికి అర్హుణ్ణి కాను. నా తప్పునే మీ ముందుంచుతాను.

మా అమ్మకు ఒక రేకుపెట్టె ఉండేది. ప్రతి పండుగకూ మేము అన్నదమ్ములం ఆమెకు కొనిచ్చిన ఉన్ని రగ్గులు ఆమె కప్పుకోకుండా అందులోనే దాచింది. ఇల్లు ఇరుకు కావడంతో ఆ పెట్టెను నేనే అటక మీదికి ఎక్కించాను. ఒక శీతాకాలం మొదట్లో ఆమె నన్ను పిలిచి, “నాయనా, ఆ పెట్టె కాస్త దించిపెట్టు. మస్జిదు వెనుక సందులో ఉండే ముసలివాళ్ళకు ఆ రగ్గులు ఇస్తాను. నాకు ఈ ఒక్క బొంత చాలు” అన్నది. వచ్చే శుక్రవారం దించుతానన్నాను. ఆ శుక్రవారం ఏదో పని పడింది. ఆమె మళ్ళీ అడిగింది. రమజాన్‌కు ముందు ఇల్లంతా సర్దుతాను కదా, అప్పుడు దించుతానన్నాను. మరుసటి శీతాకాలం వచ్చేసరికి ఆమె అడగడం మానేసింది. ఆ శీతాకాలం ముగియకముందే అల్లాహ్ ఆమెను తన దగ్గరకు పిలిపించుకున్నాడు.

ఆమె పోయిన తరువాత ఒకరోజు నిచ్చెన వేసి ఆ పెట్టె దించాను. పైకప్పు నుండి కారిన వాననీరు పెట్టెలోకి దిగింది. ఎలుకలు గూడు కట్టాయి. ఆరు రగ్గులలో ఒక్కటి కూడా మనిషి కప్పుకోవడానికి పనికిరాలేదు. దించడానికి నాకు పట్టిన సమయం పావుగంట. సోదరులారా! ఆ పావుగంటను నేను రెండు శీతాకాలాలు వాయిదా వేశాను. ఆ సందులోని ముసలివాళ్ళు ఆ రెండు శీతాకాలాలూ ఎలా గడిపారో నేను ఏనాడూ అడిగి తెలుసుకోలేదు. ఆ రగ్గులు మా అమ్మవి కూడా కావు. ఆమె సంకల్పించిన క్షణం నుండి అవి వారి అమానతు. ఆ అమానతును అటక మీద బంధించినవాణ్ణి నేను.

హజ్రత్ సాద్ బిన్ ఉబాదా (రజి) తల్లి చనిపోయినప్పుడు, ఆమె తరఫున తాను దానం చేస్తే ఆమెకు ప్రయోజనం కలుగుతుందా అని దైవప్రవక్తను (స) అడిగారు. కలుగుతుందని తెలియగానే తన తోటను ఆమె తరఫున దానం చేశారు. నేనూ కొత్త రగ్గులు కొని మా అమ్మ తరఫున పంచాను. అల్లాహ్ స్వీకరించుగాక! కాని తన చేత్తో ఇచ్చే సంతోషాన్ని ఆమెకు తిరిగి ఇవ్వలేకపోయాను. మీ ఇంట్లో ఇటువంటి పెట్టె ఏదైనా ఉంటే, దాన్ని దించమని అడిగే మనిషి ఇంకా బ్రతికి ఉంటే, ఈ శుక్రవారమే దించండి. ఈ ఖుత్బాలో మీరు మరేమీ గుర్తుంచుకోకపోయినా, ఈ ఒక్కటి చేయండి.

ఇంతటితో ఈ భాగాన్ని ముగిస్తూ, నా కొరకు, మీ కొరకు అల్లాహ్‌ను క్షమాభిక్ష కోరుకుంటున్నాను. మీరూ కోరుకోండి. నిశ్చయంగా ఆయన క్షమించేవాడు, కరుణించేవాడు.

రెండవ ఖుత్బా

స్తోత్రాలన్నీ అల్లాహ్‌కే. దైవప్రవక్తపై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతిశుభాలు కురియుగాక!

సోదరులారా! ఇల్లు సర్దడమంటే ముందుగా ఇంట్లో ఉన్నది ఎవరిదో తేల్చడమే. అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమని అన్నిసా సూరా 58వ వాక్యంలో అల్లాహ్ ఆజ్ఞాపించాడు. హిజ్రత్ రాత్రి ప్రాణాపాయం ఉన్నప్పటికీ, మక్కావాసులు తన వద్ద దాచుకున్న వస్తువులను తిరిగి ఇవ్వడానికి దైవప్రవక్త (స) హజ్రత్ అలీ (రజి) ని వెనుక ఉంచి వెళ్ళారు. కనుక మొదట ఇతరుల వస్తువులు వెదకండి. పెళ్ళికి ఎరువు తెచ్చిన గిన్నెలు, చదివి ఇస్తామని తెచ్చిన పుస్తకాలు, పొరుగింటి నిచ్చెన, తమ్ముడి కాగితాలు. ఒక్కొక్కటి తిరిగి ఇచ్చినకొద్దీ ఇల్లూ తేలికవుతుంది, మెడ మీది భారమూ తేలికవుతుంది.

రెండవది, మన అవసరానికి మించినవి. ఒకసారి హజ్రత్ ఆయిషా (రజి) ఇంట్లో మేకను కోసి మాంసాన్ని పంచిపెట్టారు. ఏమి మిగిలిందని దైవప్రవక్త (స) అడిగితే, జబ్బ భాగం తప్ప ఏదీ మిగలలేదని ఆమె చెప్పారు. అప్పుడాయన జబ్బ తప్ప అంతా మిగిలిందని బోధించారు. తిర్మిజీలోని ఈ హదీసు ఇంటి సామానుకు సరైన కొలమానం. బీరువాలో ఉన్నది మిగిలినట్టు కాదు, ఇచ్చినదే మిగిలినట్టు. పూర్తిగా ఇవ్వలేని వస్తువు ఉంటే, అడిగినవారికి ఎరువైనా ఇవ్వండి. నిత్యజీవితంలో పనికివచ్చే చిన్న వస్తువులను సైతం ఇతరులకు ఇవ్వనివారిని అల్ మాఊన్ సూరా గట్టిగా మందలించింది.

అయితే ఒక హెచ్చరిక. ఇల్లు ఖాళీ అయితే చాలునని చిరిగిన చొక్కాలు, గుండీలు లేని కుర్తాలు, వాసన కొట్టే దుప్పట్లు మూటగట్టి పేదల గుమ్మంలో పడవేసి, దాన్ని సదఖా అనుకోవద్దు. మనకు ఎవరైనా ఇస్తే కళ్ళు మూసుకుని తప్ప తీసుకోలేని నాసిరకం వస్తువులను దానానికి ఎంచవద్దని అల్ బఖరా సూరా 267వ వాక్యం నిషేధించింది. బట్టలు ఉతికి, కుట్టవలసిన చోట కుట్టి, మడతపెట్టి ఇవ్వండి. కప్పుకోవడానికి పనికిరానిదాన్ని నేల తుడిచే గుడ్డగా వాడుకోండి. ఎందుకూ పనికిరానిదాన్ని చెత్త ఎక్కడ వేయాలో అక్కడే వేయండి. పొరుగువాని గోడ పక్కన, మురుగుకాలువలో వేయకండి. దారి నుండి హాని కలిగించేదాన్ని తొలగించడం విశ్వాస శాఖలలో ఒకటి. మన ఇంటి చెత్తను దారిలో వేసేవాడు ఆ శాఖను తన చేతులతోనే నరుక్కుంటున్నాడు.

మన ఇళ్ళలో మరో రకం గుట్ట కూడా ఉంటుంది. అల్లాహ్ నామం, ఖుర్ఆన్ వాక్యాలు అచ్చయిన పాత క్యాలెండర్లు, పెళ్ళిపత్రికలు, చిరిగిన సిపారాలు. వీటిని ఏం చేయాలో తెలియక ఏళ్ళ తరబడి అటక మీద దుమ్ముకు వదిలేస్తాము. దుమ్ములో ఉంచడం గౌరవం కాదు. వీటిని ఎవరూ తొక్కని శుభ్రమైన చోట పాతిపెట్టవచ్చు. కాల్చివేసే పద్ధతికి కూడా ఆధారం ఉంది. హజ్రత్ ఉస్మాన్ (రజి) ప్రామాణిక ప్రతులు వ్రాయించి పంపిన తరువాత మిగిలిన వ్రాతప్రతులను కాల్చివేయించారు.

ఇక ఈ పని ఎవరిది? చాలామంది పురుషులు ఇప్పటిదాకా ఈ ఖుత్బాను తమ భార్యల కోసమని విని ఉంటారు. దైవప్రవక్త (స) ఇంట్లో ఏమి చేసేవారని అడిగినప్పుడు హజ్రత్ ఆయిషా (రజి) ఆయన ఇంటివారి పనులలో నిమగ్నమై ఉండేవారని, నమాజు వేళ కాగానే బయలుదేరేవారని చెప్పారు. తన చెప్పులు తానే కుట్టుకునేవారు. పదేళ్ళు సేవ చేసిన హజ్రత్ అనస్ (రజి) ని ఒక్కసారి కూడా విసుక్కోలేదు. మనమో! కాలు మీద కాలు వేసుకుని కూర్చుని, ఇల్లు ఇలా ఉందేమిటని గద్దిస్తాము. ప్రవక్త సంప్రదాయం గడ్డంలో, మిస్వాక్‌లో ఉన్నట్టే చీపురు పట్టిన చేతిలో కూడా ఉంది. తిరగలి విసిరి చేతులు కాయలు కాచిన హజ్రత్ ఫాతిమా (రజి) సేవకుని కోసం తండ్రి వద్దకు వచ్చినప్పుడు, పడుకునే ముందు సుబ్‌హానల్లాహ్ 33 సార్లు, అల్‌హందులిల్లాహ్ 33 సార్లు, అల్లాహు అక్బర్ 34 సార్లు పఠించమని ఆయన ఆమెకూ, హజ్రత్ అలీ (రజి) కీ కలిపి నేర్పారు. తల్లులారా! అలసిన మీ చేతులను అల్లాహ్ చూస్తున్నాడు. భర్తలారా! ఆ చేతులను మీరు కూడా చూడండి.

మస్జిదె నబవీని ఊడ్చే ఒక నల్లజాతి స్త్రీ ఉండేది. ఆమె చనిపోతే, చిన్న విషయమనుకుని సహచరులు దైవప్రవక్తకు (స) తెలియజేయకుండానే ఖననం చేశారు. ఆమె కనిపించకపోవడంతో ఆయన అడిగి తెలుసుకుని, సమాధి వద్దకు వెళ్ళి, ఆమె కోసం నమాజు చేశారు. ఊడ్చే మనిషిని లోకం మరచినా దైవప్రవక్త (స) మరువలేదు.

మరొక మాట. కొందరి ఇళ్ళు సోమరితనం వల్ల కాక అనారోగ్యం వల్ల, దుఃఖం వల్ల, ఒంటరితనం వల్ల అలా ఉంటాయి. అటువంటి ఇంటికి వెళ్ళి ముక్కు చిట్లించి, బయటకు వచ్చి చెప్పుకుంటే అది పరోక్షనింద అవుతుంది. చేతనైతే ఒక గంట కూర్చుని అంట్లు తోమి, బట్టలు మడతపెట్టి రండి. అలాగే ఇల్లు సర్దుతున్నామని వృద్ధులైన తల్లిదండ్రుల వస్తువులను వారిని అడగకుండా పారవేయకండి. మనకు చెత్తగా కనిపించేది వారికి ఒక జీవితకాలపు జ్ఞాపకం కావచ్చు. ఇతరుల సొత్తును దానం చేసే హక్కు మనకు లేదు.

ఇప్పుడు మొదలుపెట్టడం ఎలా? అల్లాహ్‌కు అత్యంత ప్రీతికరమైన ఆచరణ కొద్దిపాటిదైనా క్రమం తప్పకుండా చేసేదేనని దైవప్రవక్త (స) బోధించారు. ఒక్కరోజులో ఇల్లంతా అద్దంలా మార్చాలనుకునేవాడు మధ్యాహ్నానికే చతికిలబడతాడు. రోజుకు పావుగంట చాలు. అస్ర్ నమాజు తరువాత బిస్మిల్లాహ్ అని ఒక్క గూడు, ఒక్క పెట్టె, ఒక్క మూట తీయండి. మొదటి రోజు ఇంట్లో నమాజు చేసుకునే చోటు నుండి ప్రారంభించండి. సజ్దాలో నుదురు ఆనించే చోట, దాని ముందు, దాని పక్కన ఏమీ లేకుండా చేయండి. ఆ ఖాళీ చోటును చూసిన మనసు మిగిలిన ఇంటిని కూడా అలాగే కోరుకుంటుంది. రాత్రి పడుకునే ముందు పాత్రలపై మూతలు పెట్టమని, తలుపులు వేయమని, దీపాలు ఆర్పమని, పడకను దులపమని దైవప్రవక్త (స) నేర్పిన మర్యాదలను పిల్లల చేత చేయించండి. సోమరితనం నుండి, అశక్తత నుండి ఆయన అల్లాహ్ శరణు వేడుకునేవారు. మనమూ వేడుకుందాము. చివరగా, ఖాళీ అయిన గూటిని పండుగ బజారు నుండి తెచ్చిన కొత్త సామానుతో మళ్ళీ నింపకండి. కాస్త చోటు ఖాళీగా ఉండనివ్వండి.

సోదరులారా! మనందరినీ ఏదో ఒకరోజు ఈ ఇళ్ళ నుండి మోసుకుపోతారు. ఆనాడు మన పెట్టెలను మన పిల్లలు దించుతారు. వాటిలో వారికి ఏమి దొరుకుతుందో ఇప్పుడే చూసుకుందాము.

ఓ అల్లాహ్! మా ఇళ్ళను నీ స్మరణకు, మా హృదయాలను నీ ప్రేమకు యోగ్యంగా శుభ్రపరచు. మా వద్ద ఉన్న అమానతులను మరణానికి ముందే హక్కుదారులకు చేర్చే భాగ్యం ప్రసాదించు. గతించిన మా తల్లిదండ్రులను కరుణించు. అలసినవారికి బలం, రోగులకు స్వస్థత, ఇల్లు లేనివారికి నీడ అనుగ్రహించు. రమజాన్‌ను మాకు చేరువ చేయి, మమ్మల్ని రమజాన్‌కు చేర్చు. ఆమీన్!